సదాహరు ఓ: 868 హోమ్ రన్‌లు, ఆ ఒంటికాలి స్టాన్స్. అసలు లెక్కేంటి?

మూడోబేస్ (ప్రశ్న)

క్రికెట్ చూసి పెరిగినవాళ్లం కాబట్టి రికార్డు అనగానే ప్రపంచమంతటికీ ఒకటే పట్టిక ఉంటుందనుకుంటాం. బేస్‌బాల్‌లో అలా లేదు. హోమ్ రన్‌లనే తీసుకోండి (బంతిని గోడ అవతలికి కొట్టడం, మన సిక్స్ లాంటిది). అమెరికా మేజర్ లీగ్ జాబితాలో బ్యారీ బాండ్స్ 762, హ్యాంక్ ఆరన్ 755, బేబ్ రూత్ 714. జపాన్ జాబితా తెరిస్తే అన్నిటికీ పైన 868 అని కనబడుతుంది. ఆ పేరు సదాహరు ఓ. 1959 నుంచి 1980 దాకా 22 సీజన్లు, ఒకే జట్టు, టోక్యోలోని యొమియురి జెయింట్స్.

తెలిసినవాళ్లు మూడు సంగతులు విడమరిచి చెబుతారా?

మొదటిది, 868ని 755 పక్కన పెట్టి చూడొచ్చా? ‘చిన్న గ్రౌండ్లు, తేలిక పిచింగ్ (మన బౌలింగ్ లాంటిది)’ అని కొట్టిపారేస్తుంటారు. అందులో నిజం ఎంత?

రెండోది, కుడికాలు మోకాలి దాకా ఎత్తి ఒంటికాలి మీద నిలబడి కొట్టడం బలం కోసమా, ఇంకేదైనా కారణమా?

మూడోది, 13 ఏళ్ల ఎడమచేతి బ్యాటర్‌కి, అదీ టెన్నిస్ బాల్ క్రికెట్ నుంచి బేస్‌బాల్‌కి వచ్చినవాడికి, ఇది నేర్పించొచ్చా? నేర్పితే ఎక్కడ చెడుతుంది?

పేరుతో ఇంకో చిక్కుంది. ‘ఓ ఆటగాడు’ అని రాస్తే ఎవరో ఒక ఆటగాడు అనుకుంటున్నారు. దీనికేమైనా ఉపాయం ఉందా?

స్కోరుపుస్తకం

ముందు పేరు సంగతి. ఆ ఇంటిపేరు రాసే చైనా అక్షరానికి అర్థం ‘రాజు’. జపనీయులు దాన్ని ‘ఓ’ అని చదువుతారు, చైనావాళ్లు ‘వాంగ్’ అంటారు. తండ్రి చైనా నుంచి వచ్చినవాడు, తల్లి జపనీయురాలు. ఆయన 1940 మే 20న టోక్యోలో పుట్టాడు, పౌరసత్వం మాత్రం తైవాన్‌ది. కాబట్టి ఈ థ్రెడ్ వరకు ‘రాజుగారు’ అని పిలుచుకుందాం, భీమవరం వైపు వాళ్లకి చెవికి ఇంపుగానే ఉంటుంది. జెర్సీ నంబరు 1. తెలుగులో ‘ఓ’ అంటే ఒకటే కదా, అది కాకతాళీయం.

ఇక అంకెలు. రాజుగారు 2831 మ్యాచ్‌లు, 9250 ఎట్-బ్యాట్‌లు, 2786 హిట్లు (కొట్టి బేస్ చేరినవి), 868 హోమ్ రన్‌లు, 2170 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకి వచ్చిన పరుగులు), సగటు 0.301 (హిట్లని ఎట్-బ్యాట్‌లతో భాగిస్తే వచ్చేది). ఆరన్ 3298 మ్యాచ్‌లు, 12364 ఎట్-బ్యాట్‌లు, 755 హోమ్ రన్‌లు, సగటు 0.305. ఎట్-బ్యాట్ అంటే బ్యాటింగ్‌కి వచ్చిన సార్లలో వాక్‌లు (నాలుగు ‘బాల్స్’, అంటే కొట్టే పరిధి బయటి బంతులు, పడితే ఉచితంగా ఫస్ట్ బేస్‌కి వెళ్లడం), ఒంటికి బంతి తగిలి బేస్‌కి వెళ్లినవి, సాక్రిఫైస్‌లు (తను ఔటై రన్నర్‌ని ముందుకి జరిపినవి) తీసేయగా మిగిలేవి. భాగిస్తే రాజుగారికి 10.7 ఎట్-బ్యాట్‌లకి ఒక హోమ్ రన్, ఆరన్‌కి 16.4కి ఒకటి, రూత్‌కి 11.8కి ఒకటి, బాండ్స్‌కి 12.9కి ఒకటి.

‘ఎక్కువ కాలం ఆడాడు కాబట్టి ఎక్కువ కొట్టాడు’ అన్న వాదన ఇక్కడే పోతుంది. ఆరన్ 23 సీజన్లు ఆడాడు, అదీ ఎక్కువగా 162 మ్యాచ్‌ల సీజన్లు. జపాన్‌లో ఆ రోజుల్లో చాలా ఏళ్లు 130 మ్యాచ్‌లే, 1964లో 140. అంటే రాజుగారు దాదాపు 470 మ్యాచ్‌లు తక్కువ ఆడి 113 ఎక్కువ కొట్టాడు.

ఏడాదివారీగా వరుస చూడండి. 1959 నుంచి 7, 17, 13. తర్వాత 38, 40, 55, 42, 48, 47, 49, 44, 47, 39, 48, 51, 49, 33, 49, 50, 39, 33, చివరగా 1980లో 30. కూడితే 868. మొదటి మూడేళ్లలో 37 మాత్రమే. అక్కడి నుంచి 19 ఏళ్లు వరుసగా 30కి తగ్గలేదు. లీగ్ హోమ్ రన్ టైటిల్ 15 సార్లు, అందులో 1962 నుంచి 1974 దాకా 13 వరుసగా. 1975లో హన్షిన్ టైగర్స్ ఆటగాడు కోయిచి తబుచి 43 కొట్టి ఆ వరుస తెంపాడు. ఎంవీపీ (ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) 9 సార్లు. ట్రిపుల్ క్రౌన్, అంటే ఒకే ఏడాది సగటు, హోమ్ రన్‌లు, ఆర్‌బీఐలు మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడుగా నిలవడం, 1973లో, వెంటనే 1974లో కూడా.

ఎవరూ చూడని కాలమ్ ఇంకోటుంది, వాక్‌లు. ఆయనకి 2390, ఆరన్‌కి 1402. 1962 నుంచి 1979 దాకా 18 ఏళ్లు వరుసగా లీగ్‌లో అత్యధిక వాక్‌లు రాజుగారివే. 1974లో 130 మ్యాచ్‌ల్లో 158 వాక్‌లు. ఆ ఏడాది ఆయన 49 హోమ్ రన్‌లు కొట్టింది 385 ఎట్-బ్యాట్‌లలోనే. కొట్టనిస్తే ఇంకెన్ని కొట్టేవాడని ఊహించడం నాకు ఇష్టముండదు గానీ, వాక్‌ల కాలమ్ చూశాక 868 మీద అనుమానం కాస్త తగ్గుతుంది.

కుడిఎడమ

రెండో ప్రశ్నకి నేను చెబుతాను. ఒంటికాలి స్టాన్స్ పుట్టింది బలం కోసం కాదు, ఒక జబ్బుకి మందుగా. ఆ జబ్బేమిటో తెలియకుండా మందు కాపీ కొట్టడం వల్లే చాలామంది పాడయ్యారు.

రాజుగారు 1957 వసంతకాలపు కోషియెన్ హైస్కూల్ టోర్నీని వాసెదా జిత్సుగ్యో జట్టుకి గెలిపించిన పిచర్. 1959లో జెయింట్స్‌లోకి వచ్చాక ఫస్ట్ బేస్‌కి మార్చారు. తొలి మ్యాచ్‌లో ఎదురుగా పిచర్ మసాయిచి కనెదా, అక్కడే రెండు స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులు పడి ఔటవడం). మొదటి 26 ఎట్-బ్యాట్‌లలో ఒక్క హిట్ లేదు, 27వది హోమ్ రన్. ఆ సీజన్ సగటు 0.161, 193 ఎట్-బ్యాట్‌లలో 72 స్ట్రైకౌట్లు. మరుసటి ఏడు 101 స్ట్రైకౌట్లు.

కారణం ‘హిచ్’. పిచర్ చేతి నుంచి బంతి వదిలే వేళకి బ్యాట్ పట్టుకున్న చేతులు ఒకసారి కిందికి జారి మళ్లీ పైకి వచ్చేవి. క్రికెట్ భాషలో చెప్పాలంటే బ్యాక్‌లిఫ్ట్‌కి ముందు ఒక అనవసరమైన ఊపు. దాంతోపాటు ఒళ్లు ముందుకి తోసుకుపోయేది.

ఆ ఊపు ఖరీదెంతో లెక్కేద్దాం. పిచర్ నిలబడే రబ్బరు పలక నుంచి బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్ 18.44 మీటర్లు. పిచర్ అడుగు ముందుకేసి వదులుతాడు కాబట్టి బంతి ప్రయాణించేది 17 మీటర్ల లోపే. 140 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 39 మీటర్లు. అంటే బ్యాటర్ చేతిలో ఉన్నది 0.43 సెకను. చేతులు కిందికీ పైకీ ఆడటానికి 0.05 సెకను పోయిందనుకోండి, ఈలోగా బంతి దాదాపు 2 మీటర్లు దగ్గరికొచ్చేస్తుంది. అందుకే ఫాస్ట్‌బాల్‌కి ఆలస్యం. ఆ ఆలస్యానికి భయపడి ముందే తోసుకెళితే నెమ్మది బంతికి బోర్లా పడటం. రెండు వైపులా వాయింపే.

1962లో బ్యాటింగ్ కోచ్‌గా హిరోషి అరకావా వచ్చాడు. ఇద్దరికీ పాత పరిచయమే. రాజుగారు బడిపిల్లాడిగా ఉన్నప్పుడు ఎడమచేత్తో బంతి వేస్తూ కుడిచేతి వాటంగా బ్యాటింగ్ చేస్తుంటే, పార్కులో చూసి ఎడమవైపుకి మార్పించింది ఈయనే. అప్పటికి ఆయన మైనిచి ఒరియన్స్ ఆటగాడు. హిచ్ మానమని మాటల్లో ఎంత చెప్పినా అలవాటు పోదు. అందుకని అరకావా వేరే దారి పట్టాడు. పిచర్ కాలు ఎత్తగానే నువ్వూ కుడికాలు ఎత్తు అన్నాడు. ఒంటికాలి మీద నిలబడ్డవాడు చేతులు కిందికి జార్చి ఊపితే తూలిపోతాడు. నిలబడాలంటే చేతులు కదలకూడదు. అదీ మందు. ఒళ్లు ముందుకి తోసుకుపోవడమూ ఆగింది, ఎందుకంటే బరువంతా వెనకున్న ఎడమకాలి మీదే ఉంది, ఇష్టమొచ్చినప్పుడు ముందుకి రాదు.

1962 జులై 1న కవాసాకిలో తాయ్యో వేల్స్ మీద మొదటిసారి అలా ఆడాడు. ఆరోజే హోమ్ రన్. సీజన్ ముగిసేసరికి 38, మొదటి టైటిల్.

‘ఫ్లెమింగో’ అన్నది ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు. పులికాట్‌లో చలికాలం దిగే పక్షే కాబట్టి మనకీ బాగానే అతికింది. జపనీయులు మాత్రం దాన్ని ‘ఒంటికాలి బ్యాటింగ్’ అనే అంటారు. కాలెత్తి కొట్టినవాళ్లలో మొదటివాడు కూడా కాదు. న్యూయార్క్ జెయింట్స్‌లో మెల్ ఆట్ అంతకు ముందే కుడికాలు గాల్లోకి లేపి 511 హోమ్ రన్‌లు కొట్టాడు. తేడా ఏమిటంటే ఆట్ కాలు ఎత్తి దించేస్తాడు, రాజుగారు ఎత్తి ఆపుతాడు. ఆ ఆగడంలోనే ఉంది పనంతా.

అది కుదరడానికి అరకావా ఆయన్ని జపాన్ యుద్ధవిద్య ఐకిడో గురువు మొరిహెయి ఉయెషిబా దగ్గరికి తీసుకెళ్లాడు. బొడ్డు కింద ఒక బిందువు దగ్గర ఒంటి బరువు నిలపడం, ఎదుటివాడికీ నీకూ మధ్య ఉన్న ఎడాన్ని, అంటే దూరాన్నీ సమయాన్నీ కలిపి, పట్టుకోవడం. తర్వాత కత్తి. పైనుంచి దారంతో కాగితం ముక్క వేలాడదీసి, జపాన్ పొడవాటి కత్తితో బ్యాట్ ఊపినట్టే ఊపి కోయాలి. వేలాడే కాగితానికి ఆనుకునేందుకు ఏమీ లేదు. అంచు రవ్వంత పక్కకి తిరిగినా కత్తి గాలిని తోస్తుంది, ఆ గాలికి కాగితం పక్కకి తప్పుకుంటుంది. ఎంత బలంగా ఊపితే అంత దూరం తప్పుకుంటుంది. అంచు నేరుగా, ఊపిన దారిలోనే వెళితేనే తెగుతుంది. బలం వల్ల పని జరగదని ఒంటికి నేర్పడానికి ఇంతకంటే మంచి బడి లేదు.

గోడపక్క

పొగడ్తలు బాగున్నాయి. రెండో వైపు కూడా చెప్పాలి కదా.

ఒకటి, జెయింట్స్ సొంతగడ్డ కొరాకుయెన్ స్టేడియంలో ఫౌల్ లైన్ల (రెండు పక్కలా మైదానం హద్దు గీతల) దగ్గర గోడ మీద రాసి ఉండే దూరం 90 మీటర్లు, మధ్యలో 120. ఎడమచేతి వాటం బ్యాటర్ లాగి కొట్టే కుడిమూల అది. రెండు, బ్యాట్. చెక్కలోకి రెజిన్ ఎక్కించి ఒత్తిడి పెట్టి గట్టిపరిచిన బ్యాట్లు ఆ రోజుల్లో జపాన్‌లో వాడేవాళ్లు, రాజుగారూ వాడాడు. 1981 నుంచి వాటిని నిషేధించారు, ఆయన 1980లో రిటైరయ్యాడు. మూడు, లీగ్‌లో ఆరు జట్లే. ఐదు ప్రత్యర్థులతో 130 మ్యాచ్‌లంటే ఒక్కో జట్టుతో ఏడాదికి 26. అవే ముఖాలు, అవే బంతులు.

ఈ మూడూ అబద్ధాలు కావు.

స్కోరుపుస్తకం

కావు. కానీ ఒక్కోదాని బరువెంతో చూడాలి గోడపక్క గారూ.

90 మీటర్లు చిన్నదే. అయితే యాంకీ స్టేడియంలో రూత్ లాగి కొట్టిన కుడిమూల దాదాపు 295 అడుగులని గుర్తుందిగా? అదీ 90 మీటర్లే. రూత్ 714 ముందు ఎవరూ అనుమానపు చుక్క గుర్తు పెట్టరు. ఆరన్ ఆడిన అట్లాంటాలో లైన్లు 330 అడుగులు, అంటే 100 మీటర్లు. ఆ లెక్కన ఆరన్‌కి న్యాయంగా మార్కులు ఎక్కువ పడాలి, ఒప్పుకుంటాను. క్రికెట్‌వాళ్ల కోసం ఒక మాట: అంతర్జాతీయ క్రికెట్‌లో బౌండరీ గరిష్ఠంగా 90 గజాలు, అంటే 82 మీటర్లు. మీరు ‘చిన్నది’ అంటున్న కొరాకుయెన్ మూల దానికంటే 8 మీటర్లు దూరం, పైగా గోడ.

బ్యాట్ విషయం. అవే బ్యాట్లు లీగ్‌లో ఇతరులకీ అందుబాటులో ఉన్నాయి. జపాన్ ఆల్‌టైమ్ జాబితాలో రెండో స్థానం కత్సుయా నోమురాది, 657. మొదటికీ రెండోదానికీ మధ్య 211. బ్యాటే కొట్టి ఉంటే ఆ దూరం అంత ఉండకూడదు. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత, ఇక్కడ వాయించినవాడి గొప్పని మద్దెలకి అంటగడుతున్నారు.

ఆరు జట్ల సంగతి రెండు వైపులా కోసే కత్తి. ఆయనకి పిచర్లు ఎంత తెలుసో, పిచర్లకీ ఆయన అంతే తెలుసు.

నా లెక్కలో మిగిలే అసలు తేడా పిచింగ్ లోతు. జపాన్‌లో జట్టుకి ఒకరిద్దరు మేటి పిచర్లుంటే, ఆరన్ కాలం అమెరికా నేషనల్ లీగ్‌లో నాలుగో పిచర్ కూడా గట్టివాడే. అమెరికాలో ఆడి ఉంటే రాజుగారికి 868 వచ్చేవి కావు. అలాగని 868ని తీసి పక్కన పెట్టాల్సిన పనీ లేదు. వేర్వేరు లీగులు, వేర్వేరు పట్టికలు. ఇద్దరికీ ఆ పేచీ లేదు కూడా. 1974 నవంబర్ 2న కొరాకుయెన్‌లో ఇద్దరికీ హోమ్ రన్ పోటీ పెడితే 40 ఏళ్ల ఆరన్ 10–9తో గెలిచాడు. తర్వాత ఇద్దరూ కలిసి పిల్లల కోసం ప్రపంచ బేస్‌బాల్ మేళా మొదలుపెట్టారు. ఇద్దరితోనూ ఒకే జట్టులో ఆడినవాడు డేవీ జాన్సన్, 1973, 74ల్లో ఆరన్‌తో అట్లాంటాలో, 1975, 76ల్లో రాజుగారితో జెయింట్స్‌లో.

ఎక్స్‌ట్రాఇన్నింగ్స్

‘తేలిక పిచింగ్’ అన్నవాళ్లకి 1968 సెప్టెంబర్‌లో రెండు రోజులు చూపిస్తాను, రెండూ కోషియెన్ స్టేడియంలోనే, హన్షిన్ మీద.

17వ తేదీ. 20 ఏళ్ల ఎడమచేతి పిచర్ యుతాకా ఎనత్సు. సీజన్ స్ట్రైకౌట్ల రికార్డు కజుహిసా ఇనావో పేరు మీద 353. ఎనత్సుకి 353వ స్ట్రైకౌట్ రాజుగారిదే దొరికింది. 354వది కూడా ఈయనదే కావాలని, మధ్యలో వచ్చిన ఎనిమిది మందినీ స్ట్రైకౌట్ చేయకుండా బంతి కొట్టనిచ్చి ఔట్ చేశాడు. పిచర్ బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు స్ట్రైకౌట్ తప్పించడమే కష్టం! తర్వాత రాజుగారు వచ్చాడు, స్ట్రైకౌట్ అయ్యాడు. ఆ సీజన్ ఎనత్సు లెక్క 401.

18వ తేదీ. అమెరికన్ పిచర్ జీన్ బాక్ రాజుగారి ఒంటి మీదికి వరసగా రెండు బంతులు వేశాడు. గ్రౌండ్‌లో కొట్లాట. కోచ్ అరకావా ముందుకొస్తే బాక్ గుద్దాడు, ఆ గుద్దుకి తన కుడిచేతి బొటనవేలే విరగ్గొట్టుకున్నాడు. బదులుగా వచ్చిన పిచర్ మసతోషి గొందో బంతి నేరుగా రాజుగారి తలకి తగిలింది, స్ట్రెచర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ వెంటనే వచ్చిన షిగెయో నగాషిమా హోమ్ రన్ కొట్టాడు. బ్యాటింగ్ వరసలో మూడో నంబరు రాజుగారు, నాలుగో నంబరు నగాషిమా, లేదా అటూ ఇటూ. ఇద్దరినీ కలిపి ‘ఓఎన్’ ఫిరంగి అనేవారు. 1965 నుంచి 1973 దాకా జెయింట్స్ 9 సార్లు వరుసగా జపాన్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే ఫైనల్) గెలవడానికి ఇదే వెన్నెముక. నగాషిమా 1974లో రిటైరయ్యాడు, 1975లో జట్టు ఆఖరి స్థానం.

ఒంటికాలి స్టాన్స్‌ని చెడగొట్టడానికి పిచర్లు చేసింది ఇంకోటుంది. ఆయన కాలు ఎత్తేది పిచర్ కాలు చూసి కాబట్టి, పిచర్లు తమ కాలినే అబద్ధమాడించేవారు. ఒకసారి ఎత్తి మధ్యలో ఆపడం, ఇంకోసారి ఎత్తీ ఎత్తకుండా గబుక్కున వేయడం. ఆపితే ఈయన ఒంటికాలి మీద ఎక్కువసేపు నిలబడాలి, గబుక్కున వేస్తే కాలు దించే వ్యవధి ఉండదు. ఐకిడోలో నేర్చిన బరువు నిలపడం అక్కరకొచ్చింది ఇక్కడే.

ఇక షిఫ్ట్. 1964 మే 3న హన్షిన్ మీద ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్‌లు కొట్టాడు. రెండు రోజులకి, మే 5న, హిరోషిమా కార్ప్ కొత్త ఫీల్డింగ్ పెట్టింది. ఆరుగురు ఫీల్డర్లు గ్రౌండ్‌కి కుడి సగంలో, ఎడమ సగం దాదాపు ఖాళీ. అక్కడికి మెల్లగా తోసినా హిట్టే. ఆయన తోయలేదు. కుడివైపుకే కొట్టుకుంటూ పోయాడు.

స్కోరుపుస్తకం

ఆ మొండితనం ఖరీదు కూడా లెక్కేయొచ్చు. 1964లో రాజుగారు 55 హోమ్ రన్‌లు, 119 ఆర్‌బీఐలు, రెండింట్లోనూ మొదటివాడు. సగటు 0.320. బ్యాటింగ్ టైటిల్ చునిచి ఆటగాడు షినిచి ఎతోకి 0.323తో పోయింది. 472 ఎట్-బ్యాట్‌లలో 151 హిట్లు. 153 అయి ఉంటే 0.324. అంటే ఖాళీగా వదిలేసిన ఎడమవైపుకి ఏడాది మొత్తంలో రెండే రెండు బంతులు బంట్ చేసి (బ్యాట్ అడ్డుపెట్టి మెల్లగా తోసి) ఉంటే, 1973 దాకా ఆగకుండా తొమ్మిదేళ్ల ముందే ట్రిపుల్ క్రౌన్!

కానీ అలా తోయడం అలవాటైతే 55 ఉండేవా అన్నది వేరే ప్రశ్న. షిఫ్ట్ పెట్టినవాళ్ల అసలు ఆశ కూడా అదే. ఎడమవైపు ఆశచూపి ఆయన ఊపునే మార్పించడం.

మూడోబేస్

బాగా అర్థమైందండీ. మూడో ప్రశ్న మిగిలింది. కుర్రాడికి నేర్పొచ్చా? క్రికెట్ అలవాటున్నవాడికి కాలు ఎత్తడం కొత్త కాదనుకుంటా, ట్రిగ్గర్ మూవ్‌మెంట్ (బంతి వదలకముందే కాలు కదపడం) లాంటిదే కదా?

కుడిఎడమ

కాదు, అక్కడే పప్పులో కాలేస్తారు. క్రికెట్‌లో బంతి నేల మీద పడి లేస్తుంది, కాలు బంతి పడే చోటుకి వెళ్లాలి, ఒక్కోసారి వెనక్కి రావాలి. కాలు గాల్లో ఉంచి ఆలోచిస్తూ కూర్చుంటే ఎల్‌బీడబ్ల్యూ. బేస్‌బాల్‌లో బంతి నేలని తాకకుండా ప్లేట్ మీదకి వస్తుంది. ఎలాంటి బంతి వచ్చినా ముందుకాలు దిగాల్సిన చోటు ఒకటే. దిగే చోటు తెలుసు కాబట్టే ‘ఎప్పుడు దించాలి’ అన్న ఒక్కదాని మీద మనసు పెట్టి కాలు గాల్లో ఆపగలిగాడు. కుర్రాడికి ముందు ఈ తేడా చెప్పండి.

రెండోది, కుర్రాడికి హిచ్ ఉందా? పక్క నుంచి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయండి. పిచర్ బంతి వదిలిన ఫ్రేములో చేతులు ఎక్కడున్నాయి, ఊపు మొదలయ్యేలోపు కిందికి జారాయా చూడండి. జారకపోతే ఈ మందు అక్కర్లేదు. మామూలుగా కాస్త కాలెత్తి అడుగేసే పద్ధతి చాలు.

ఉంటే, వరస ఇదీ. ఎడమచేతి బ్యాటర్‌కి చెబుతున్నా, కుడిచేతివాడికి కాళ్లు తారుమారు చేసుకోండి.

మొదటి వారం బ్యాట్ వద్దు. చేతులు బ్యాట్ పట్టుకున్నట్టే భుజం ఎత్తులో పెట్టి, కుడి మోకాలు నడుము ఎత్తుకి లేపి, ఎడమకాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడాలి. రోజుకి పదిసార్లు. బరువు ఎడమపాదం లోపలి అంచు మీద, బొటనవేలి మొదట్లో ఉండాలి. బయటి అంచు మీదకి పోతే నడుం వెనక్కి వాలిపోతుంది, అదే మొదటి తప్పు. ఎడమ మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. కర్రలా బిగిస్తే నిలబడటం తేలిక, కొట్టడం కుదరదు.

రెండో వారం బ్యాట్‌తో, బంతి లేకుండా. కాలెత్తి, మూడు లెక్కపెట్టి, దించి, ఊపాలి. దించడం, ఊపడం ఒకేసారి కాకూడదు. పాదం నేలని తాకాక చేతులు బయల్దేరాలి. పాదం గాల్లో ఉండగానే ఊపితే కింద ఆధారం ఉండదు, చేతుల బలం మాత్రమే మిగులుతుంది. రెండో తప్పు ఇది, అందరూ చేసేదీ ఇదే.

మూడో వారం టీ (బంతిని నిలబెట్టే కర్ర) మీద బంతి పెట్టి. కుడిపాదం దిగిన చోట సుద్దతో గీత గీయండి. పదిసార్లు కొడితే పదిసార్లూ అరచేతి వెడల్పులోపల దిగాలి. కుడిపాదం ఫస్ట్ బేస్ వైపు తెరుచుకుని దిగుతుంటే నడుం ముందే తిరిగిపోతోందన్నమాట, బయటి బంతి అందదు.

తర్వాతే విసిరిన బంతి. విసిరేవాడు కాలు ఎత్తి వేయాలి, ఊరికే చేత్తో వేస్తే కాలెత్తే సమయం పట్టుకోవడం రాదు. వారం పోయాక వేసేవాడు కావాలని మధ్యలో ఆగాలి, కొన్నిసార్లు గబుక్కున వేయాలి. బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు పిచర్ కాలు సరిగా ఎత్తడు, కాబట్టి అప్పటికి కాలు సగమే ఎత్తే చిన్న రూపం కూడా నేర్పాలి.

ఒక నెల చూసి స్ట్రైకౌట్లు తగ్గకపోతే ఆపేయండి. తల ముందుకీ వెనక్కీ కదులుతుంటే అసలు నెల దాకా ఆగొద్దు. జపాన్‌లో కూడా దీన్ని పట్టుకుని నిలబడ్డవాళ్లు తక్కువే. వాళ్లలో పెద్దవాడు హిరోమిత్సు కదొతా, 567 హోమ్ రన్‌లు.

గోడపక్క

కోచింగ్ పాఠానికి దండాలు. ఆఖరికి ఒక ముల్లు మాత్రం గుచ్చి పోతాను. 55 అనే సీజన్ రికార్డు అన్నేళ్లు నిలిచింది బ్యాట్ వల్లే కాదు. 1985లో హన్షిన్ ఆటగాడు ర్యాండీ బాస్ 54 దగ్గర ఉండగా చివరి మ్యాచ్ జెయింట్స్‌తో, జెయింట్స్ మేనేజర్ రాజుగారే. పిచర్లు బాస్‌కి నాలుగు వాక్‌లు ఇచ్చారు. 2001లో టఫీ రోడ్స్ 55 దగ్గర ఉండగా ఎదుటి జట్టు దాయెయి హాక్స్, మేనేజర్ మళ్లీ ఈయనే, మళ్లీ వాక్‌లే. 2002లో అలెక్స్ కబ్రెరా కూడా 55 దగ్గరే ఆగాడు.

ఎక్స్‌ట్రాఇన్నింగ్స్

ఆ మచ్చ ఉన్నమాటే. పిచర్ల పనికి, కోచ్‌ల పనికి మేనేజర్ జవాబుదారీ కాడని అనలేం. చివరికి 2013లో యకుల్ట్ ఆటగాడు వ్లాదిమిర్ బాలెంటియన్ దాన్ని దాటి 60 దగ్గర ఆగాడు. 2022లో అదే జట్టు కుర్రాడు మునెతాకా మురకామి 56 కొట్టాడు.

868 జోలికి మాత్రం ఎవరూ రాలేదు. ఆరన్‌ని దాటిన 756వది 1977 సెప్టెంబర్ 3న కొరాకుయెన్‌లో, యకుల్ట్ పిచర్ యాసుజిరో సుజుకి వేసిన బంతికి. మూడో ఇన్నింగ్స్, మూడు బాల్స్, రెండు స్ట్రైకులు, ఇంకో బాల్ పడితే వాక్. సింకర్ (చివర్లో కిందికి దిగే బంతి) వేశాడు, కుడి స్టాండ్‌లో పడింది. 37 ఏళ్ల వయసులో ఆ సీజన్ మొత్తం 50.

మూడోబేస్

అందరికీ ధన్యవాదాలండీ. వీడియో తీసి చూశాం. చేతులు జారుతున్నాయి, కానీ ఫాస్ట్‌బాల్‌కే, నెమ్మది బంతులకి కాదు. ఇది హిచ్చేనా?

కుడిఎడమ

హిచ్ అయితే అన్ని బంతులకీ ఉంటుంది, ఎందుకంటే అది బంతి చూడకముందే మొదలయ్యే అలవాటు. వేగానికే జారుతున్నాయంటే బ్యాట్ బరువెక్కువ అయి ఉండొచ్చు. ముందు ఒక ఔన్సు రెండు ఔన్సులు తేలికది ఇచ్చి మళ్లీ వీడియో తీయండి. కాలు ఎత్తించే పని అప్పటిదాకా ఆపండి.